పాత ప్రోగ్రామ్ అడిగే రన్‌టైమ్‌ని, సిస్టమ్ పాడవకుండా ఎక్కించుకోవడం ఎలా

పాత ప్రోగ్రామ్ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తారు. అది తెరుచుకోదు, దాని బదులు చిన్న పెట్టె ఒకటి వస్తుంది: ఎంఎస్‌వీసీఆర్100.డీఎల్ఎల్ కనబడలేదు అని. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే కోడ్ ఉన్న ఫైల్. ఆ పేరు గూగుల్‌లో కొట్టి, మొదట కనిపించిన సైట్ నుంచి ఆ ఒక్క ఫైల్ దించుకుని సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేయడం చాలామంది చేసే పని. నేనూ చేశాను. నేను దించిన దాంట్లో డీఎల్ఎల్ లేనే లేదు, డౌన్‌లోడ్ మేనేజర్ అని పేరు పెట్టుకున్న ఈఎక్స్ఈ ఒకటి ఉంది, అది బ్రౌజర్ హోమ్‌పేజీ మార్చేసి, ఏవేవో టూల్‌బార్లు తగిలించి, నేను తీసేసిన ప్రతిసారీ రీస్టార్ట్ తర్వాత మళ్ళీ వచ్చి కూర్చునేది. చివరికి విండోస్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించుకోవాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తాను: విడి డీఎల్ఎల్ ఫైల్‌ని ఎక్కడి నుంచీ దించకండి. ఆ ఫైల్ ఏ రన్‌టైమ్ ప్యాకేజీలో భాగమో కనుక్కుని, ఆ ప్యాకేజీని తయారుచేసిన వాళ్ళ దగ్గరే తీసుకోండి.

రన్‌టైమ్ అంటే పెద్ద విషయం కాదు. ప్రోగ్రామ్ రాసినవాళ్ళు ప్రతి చిన్న పనికీ సొంతంగా కోడ్ రాయరు, ఆ భాషతో వచ్చే లైబ్రరీలను వాడుకుంటారు. ఆ లైబ్రరీలు మీ కంప్యూటర్‌లో ఉంటేనే ప్రోగ్రామ్ నడుస్తుంది. 2010లో రాసింది 2010 నాటి లైబ్రరీనే అడుగుతుంది, మీ దగ్గర దానికన్నా కొత్తది ఉన్నా చాలాసార్లు ఒప్పుకోదు.

అసలు అవసరమా, ముందు చూడండి

అదే ప్రోగ్రామ్‌కి కొత్త వెర్షన్ ఉందేమో, లేదా మీ పాత ఫైళ్ళని ఇప్పటి ప్రోగ్రామ్ ఏదైనా తెరుస్తుందేమో పది నిమిషాలు వెతకండి. తెరిస్తే ఈ పనంతా తప్పుతుంది. కొన్ని రన్‌టైమ్‌ల జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు. ఫ్లాష్ ప్లేయర్‌ని అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫ్లాష్ ఫైళ్ళని ఆడించకుండా నిలిపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోండి" అంటే అది మోసమే అనుకోండి. పాత ఫ్లాష్ ఆటలు, యానిమేషన్లు కావాలంటే రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఉంది, దాంతో చూసుకోండి. విండోస్ కోసం యాపిల్ చేసిన వీడియో ప్లేయర్ క్విక్‌టైమ్‌కి 2016 నుంచి సెక్యూరిటీ ప్యాచ్‌లు లేవు. వీడియో ఫైల్ తెరవడానికే అయితే వీఎల్‌సీ చాలు. బ్రౌజర్‌లో వీడియోలు, యాప్‌లు నడిపే సిల్వర్‌లైట్‌ని మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబర్‌లో ఆపేసింది. ఈ మూడూ బయటి నుంచి వచ్చే ఫైళ్ళని తెరిచే రకం, ప్రమాదం అక్కడే ఎక్కువ.

వెనక్కి వచ్చే దారి పెట్టుకోండి

స్టార్ట్ మెనూలో రిస్టోర్ పాయింట్ అని టైప్ చేస్తే సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ తెరుచుకుంటుంది. అక్కడ సీ డ్రైవ్ పక్కన ఆన్ అని ఉందో లేదో చూడండి, చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, మనకి అవసరం పడిన రోజున గానీ తెలియదు. ఆఫ్‌లో ఉంటే కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి, తర్వాత క్రియేట్ నొక్కి, మీకు గుర్తుండే పేరు పెట్టండి. "సీ++ 2010కి ముందు" అన్నట్టు పెడితే రేపు వెతుక్కోనక్కర్లేదు.

రిస్టోర్ పాయింట్ విండోస్ ఫైళ్ళని, సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని వెనక్కి తెస్తుంది గానీ మీ డాక్యుమెంట్లని, ఫొటోలని కాపాడదు. ఆ పాత ప్రోగ్రామ్ డేటా ఫైళ్ళని విడిగా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ప్రోగ్రామ్‌ని తెరవకముందే చేయాలి ఈ పని, ఎందుకంటే కొన్ని ప్రోగ్రామ్‌లు తెరవగానే డేటా ఫైల్‌లో ఏదో ఒకటి రాసేస్తాయి.

ఎర్రర్ ఏమంటోందో చదవండి

కంగారుగా ఓకే కొట్టి మూసేయకండి, ఆ పెట్టెలో ఉన్న ఫైల్ పేరే మీకు కావాల్సిన ఆచూకీ. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఎంఎస్‌వీసీఆర్ లేదా ఎంఎస్‌వీసీపీ అని మొదలై వెనక ఒక అంకె ఉంటే అది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే రన్‌టైమ్ ప్యాకేజీలోది. ఆ అంకె బట్టి సంవత్సరం తెలుస్తుంది: 80 అయితే 2005, 90 అయితే 2008, 100 అయితే 2010, 110 అయితే 2012, 120 అయితే 2013. వీసీరన్‌టైమ్140 అనో ఎంఎస్‌వీసీపీ140 అనో వస్తే 2015, ఆ తర్వాతివి. వాటన్నిటికీ కలిపి ఒకటే ప్యాకేజీ, తాజాది ఒక్కటి ఎక్కిస్తే సరిపోతుంది. 2013 దాకా మాత్రం ఏ సంవత్సరానిది ఆ సంవత్సరానికే, 2010 అడిగితే 2013 ఇచ్చినా లాభం లేదు. ఇంకో మాట, 2005, 2008 వాటికి చాలాసార్లు ఫైల్ పేరు కనబడదు, "సైడ్ బై సైడ్ కాన్ఫిగరేషన్ తప్పుగా ఉంది" అని వస్తుంది. అప్పుడు స్టార్ట్ మెనూ నుంచి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ ఎర్రర్లు రాసి పెట్టుకునే చోటు) తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో సైడ్‌బైసైడ్ అనే ఎర్రర్ ఉన్న లైన్ మీద నొక్కండి. ఏ వెర్షన్ దొరకలేదో అందులో రాసి ఉంటుంది. 8తో మొదలైతే 2005, 9తో మొదలైతే 2008.

డీ3డీఎక్స్9 అనో ఎక్స్‌ఇన్‌పుట్1_3 అనో ఉంటే అది విండోస్‌లో గ్రాఫిక్స్, సౌండ్ చూసుకునే డైరెక్ట్ఎక్స్ పాత భాగం, ఎక్కువగా ఆటలు అడుగుతాయి. మైక్రోసాఫ్ట్‌దే ఇంకో రన్‌టైమ్ డాట్‌నెట్, దాని 3.5 వెర్షన్ కావాలంటే విండోసే ఆ మాట అంటుంది. ఫైల్ పేరు చివర ఓసీఎక్స్ అని ఉంటే దాదాపుగా విజువల్ బేసిక్ 6 కాలం నాటి ప్రోగ్రామ్ అనుకోవచ్చు, దాని సంగతి కింద విడిగా చెప్తాను.

32, 64 గందరగోళం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "నా విండోస్ 64 బిట్ కదా" అని ఎక్స్64 అని రాసి ఉన్న 64 బిట్ ప్యాకేజీ ఒక్కటే ఎక్కిస్తారు, ప్రోగ్రామ్ మళ్ళీ అదే ఎర్రర్ ఇస్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది విండోస్ ఎన్ని బిట్లదని కాదు, ప్రోగ్రామ్ ఎన్ని బిట్లదని. పాత ప్రోగ్రామ్‌లలో చాలా భాగం 32 బిట్‌వే, వాటికి ఎక్స్86 అని రాసి ఉన్న ప్యాకేజీ కావాలి, మీ విండోస్ 64 అయినా సరే. తేల్చుకోలేకపోతే రెండూ ఎక్కించండి, ఒకదానికొకటి అడ్డు రావు.

విడి డీఎల్ఎల్ పడేస్తే ఎందుకు పనిచేయదో కూడా ఇందులోనే ఉంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్ళు. పేర్లు చూస్తే తలకిందులుగా ఉంటాయి, కానీ వ్యవహారం అంతే. ఎక్కడ ఏది పెట్టాలో తెలియక ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెడితే, చివర 7బి అని ఉండే ఎర్రర్ ఒకటి మొదలవుతుంది, ఆ తర్వాత అప్పటిదాకా బాగానే నడుస్తున్న వేరే ప్రోగ్రామ్‌లు కూడా మొరాయించొచ్చు. ప్యాకేజీ అయితే ఏది ఎక్కడ పెట్టాలో దానికే తెలుసు.

దించుకునే చోటు, సంతకం

మైక్రోసాఫ్ట్‌వి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. అన్ని సంవత్సరాల విజువల్ సీ++ ప్యాకేజీలకీ లింకులు వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో ఒకే పేజీలో ఉంటాయి. కమాండ్ టైప్ చేసి ప్రోగ్రామ్‌లు ఎక్కించే వింగెట్ వాడే అలవాటుంటే దాంతో కూడా తెచ్చుకోవచ్చు. ప్రోగ్రామ్ అసలు సీడీ మీ దగ్గర ఉంటే అందులో రీడిస్ట్ అనో సపోర్ట్ అనో ఫోల్డర్ ఉంటుంది చూడండి, ఏ రన్‌టైమ్ కావాలో దాన్ని బట్టి తెలిసిపోతుంది; కానీ ఎక్కించేటప్పుడు ఆ సీడీలోది కాకుండా అదే సంవత్సరానికి చెందిన చివరి అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకోండి, మధ్యలో వచ్చిన సెక్యూరిటీ ప్యాచ్‌లు అందులో కలిసి ఉంటాయి.

ఫైల్ నిజంగా తయారుచేసినవాళ్ళదేనని చూపే డిజిటల్ గుర్తునే సంతకం అంటారు. మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టులో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతిలో సంతకం చేసిన ఫైళ్ళని డౌన్‌లోడ్ సెంటర్ నుంచి తీసేసింది. అందుకే కొన్ని పాత లింకులు నొక్కితే ఏమీ రాదు. "అక్కడ లేదు కదా" అని వేరే సైట్‌కి వెళ్ళాలనిపిస్తుంది, సరిగ్గా అక్కడే ఆగాలి. తప్పనిసరిగా ఇంకో చోటు నుంచి తెచ్చుకుంటే సంతకం చూడకుండా తెరవొద్దు: ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్. ఆ ట్యాబే లేకపోతే ఫైల్‌కి సంతకం లేదని, వెంటనే డిలీట్ చేయండి. ఉంటే మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అనే పేరు మీద నొక్కి డీటెయిల్స్ తెరవండి, పైన సంతకం సరిగ్గానే ఉందన్న వాక్యం కనబడాలి. పేరు కనబడితే చాలదు, డీటెయిల్స్ దాకా వెళ్ళాలి. ఎందుకంటే సంతకం పెట్టిన తర్వాత ఎవరైనా ఫైల్‌ని మారిస్తే పేరు అలాగే ఉంటుంది, లోపల మాత్రం చెల్లదని రాసి ఉంటుంది.

"ఆల్ ఇన్ వన్" అని అన్ని రన్‌టైమ్‌లూ కట్టగట్టి ఇచ్చేవి చాలా తిరుగుతుంటాయి. కొన్ని మంచివే కావచ్చు. నేను మాత్రం వాడను, వాడమని చెప్పను. ఇరవై ఒకేసారి ఎక్కితే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు.

ఇక ఎక్కించడం

ఒకటి ఎక్కించండి, రీస్టార్ట్ అడిగితే చేయండి, ప్రోగ్రామ్ తెరిచి చూడండి. ఎర్రర్‌లో ఫైల్ పేరు మారిందంటే ఒక మెట్టు ఎక్కినట్టే, ఆ కొత్త పేరు చూసి తర్వాతిది ఎక్కించండి. యాంటీవైరస్‌ని ఆపమని ఏ గైడ్ చెప్పినా ఆపకండి. నిజమైన మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్‌కి అది అవసరం పడదు.

డాట్‌నెట్ 3.5 కోసం చాలావరకు ఏదీ దించక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ కింద విండోస్ ఫీచర్లని ఆన్, ఆఫ్ చేసే లింక్ ఉంటుంది, అది నొక్కి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 పక్కన టిక్ పెట్టండి. దాని కింద కనిపించే రెండు చిన్న పెట్టెల్ని ముట్టుకోవద్దు, అవి సర్వర్ పనులకి. మిగతాది విండోస్ అప్‌డేట్ తెచ్చుకుంటుంది. 2.0, 3.0 కూడా ఇందులోనే ఉంటాయి. చివర 081ఎఫ్ ఉన్న ఎర్రర్ వస్తే ఫైళ్ళు దొరకలేదని అర్థం, ముందు విండోస్ అప్‌డేట్ ఆగిపోయి ఉందేమో చూసి, దాన్ని నడిపించి మళ్ళీ ప్రయత్నించండి. 4.5 కావాలి, 4.6 కావాలి అనే ప్రోగ్రామ్‌ల గురించి టెన్షన్ వద్దు, విండోస్ 10, 11లో ఉండే 4.8 ఆ పాత 4 సిరీస్ అన్నిటి స్థానంలోనూ పనిచేస్తుంది.

డైరెక్ట్ఎక్స్ పాత ఫైళ్ళ కోసం మైక్రోసాఫ్ట్ 2010 జూన్ నాటి రన్‌టైమ్ ప్యాకేజీ. ఇది ఎక్కిస్తే మీ డైరెక్ట్ఎక్స్ 12 పోయి పాతది వస్తుందేమోనని భయపడతారు, అలా జరగదు, ఉన్నవాటి పక్కన లేనివి చేర్చుతుంది అంతే. కాకపోతే ఒక చిక్కుంది. దించిన ఫైల్‌ని తెరిస్తే అది ఎక్కదు, ఎక్కడ విప్పాలి అని అడుగుతుంది. ముందే డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫోల్డర్ చేసి దాన్ని చూపించండి, లేకపోతే వందకు పైగా చిన్న చిన్న ఫైళ్ళు ఎక్కడపడితే అక్కడ చిందరవందరగా పడతాయి. విప్పడం అయ్యాక ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి డీఎక్స్‌సెటప్ అనేదాన్ని నడిపించాలి. చాలామంది విప్పడంతోనే పని అయిపోయిందనుకుని "ఎక్కించినా పనిచేయట్లేదు" అంటుంటారు.

జావా ప్రోగ్రామ్‌లకి నేను వాడే పద్ధతి వేరు. సిస్టమ్‌లో జావా ఎక్కించను. ఎక్లిప్స్ టెమురిన్ వాళ్ళు ఇచ్చే జావా 8ని జిప్ రూపంలో దించి, పాత ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే విప్పి, ఆ ప్రోగ్రామ్‌ని ఆ జావాతోనే తెరిచేలా ఒక షార్ట్‌కట్ పెట్టుకుంటాను. ఇలా చేస్తే మిగతా సిస్టమ్‌కి ఆ జావా ఉన్నట్టే తెలియదు, వద్దనుకుంటే ఫోల్డర్ డిలీట్ చేస్తే సరి. జావా 6 కోసం రాసినవి కూడా చాలావరకు 8 మీద నడుస్తాయి, కాబట్టి ప్యాచ్‌లు ఆగిపోయిన 6ని వెతుక్కుంటూ వెళ్ళకండి, ముందు 8తో చూడండి.

బాబాయి పుస్తకాల జాబితా

విజువల్ బేసిక్ 6 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి. మా బాబాయి తన పుస్తకాల జాబితా కోసం అలాంటిదే ఒకటి రాసుకున్నారు. ఏ పుస్తకం ఎవరికి ఇచ్చారో, తిరిగొచ్చిందో లేదో అన్నీ అందులోనే. కొత్త ల్యాప్‌టాప్‌లో అది ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్ లేదంది.

విజువల్ బేసిక్ 6 మూల రన్‌టైమ్ విండోస్ 11లో కూడా ఉంది, దాని కోసం వెతకొద్దు. లేనివి ఈ ఓసీఎక్స్ ఫైళ్ళు: బటన్లు, లిస్టులు, ట్యాబ్‌లు లాంటివి గీసేవి. ఇదే ఫైల్‌లో 2012లో చాలా పెద్ద లోపం బయటపడింది, దాన్ని వాడుకుని వర్డ్ ఫైళ్ళ ద్వారా ఎన్నో దాడులు జరిగాయి, మైక్రోసాఫ్ట్ ఆ ఏప్రిల్‌లోనే ప్యాచ్ ఇచ్చింది. అంటే ఎవరో ఎప్పుడో పెట్టిన పాత కాపీ దించి రిజిస్టర్ చేస్తే, మూసేసిన ఆ తలుపుని మనమే తెరిచినట్టు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విజువల్ బేసిక్ 6 సర్వీస్ ప్యాక్ 6 క్యుములేటివ్ అప్‌డేట్‌తో ఎక్కించాను, ప్రోగ్రామ్ తెరుచుకుంది.

తెరుచుకుంది గానీ జాబితాలో సగం పుస్తకాలు లేవు. బాబాయి ముఖం చూడలేకపోయాను. పాత కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ నుంచి డేటా ఫైల్‌ని నేనే కాపీ చేశాను, దాని తేదీ చూస్తే ఎప్పుడో ఏళ్ళ కిందటిది. సంగతేమిటంటే విస్టా నుంచి విండోస్, పాత ప్రోగ్రామ్‌లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే అక్కడ రాయనివ్వదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, చప్పుడు చేయకుండా యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోట వేరే కాపీలో రాస్తుంది. అసలు డేటా అక్కడుంది. ఆ ఫైల్ తెచ్చి పెట్టగానే మొత్తం జాబితా వచ్చింది. మీరు పాత కంప్యూటర్ నుంచి డేటా తెచ్చుకునేటప్పుడు వర్చువల్‌స్టోర్‌ని చూడకుండా ఆ డిస్క్‌ని తుడవకండి. కొత్త కంప్యూటర్‌లో ఇలాంటి ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డాక్యుమెంట్స్‌లో విడి ఫోల్డర్‌లో పెట్టండి, డేటా ఎక్కడుందో కళ్ళెదుటే ఉంటుంది, రోజూ రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టే అవసరం కూడా రాదు.

నమ్మకం కుదరకపోతే

ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, సంతకం లేదు, అయినా చూడాలి. అప్పుడు మీ అసలు విండోస్‌లో తెరవొద్దు. విండోస్ ప్రో ఉంటే ఫీచర్ల జాబితాలోనే విండోస్ శాండ్‌బాక్స్ ఉంటుంది, అది అసలు విండోస్‌తో కలవకుండా విడిగా తెరుచుకునే తాత్కాలిక విండోస్. అందులో ఏం చేసినా కిటికీ మూయగానే మాయమైపోతుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేదు, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్ వాడుకోండి. అందులో ఎక్స్‌పీ లాంటి పాత విండోస్ పెడితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆఫ్ చేసి పెట్టండి, మర్చిపోవద్దు. 16 బిట్ ప్రోగ్రామ్‌లకి కూడా ఇదే దారి, 64 బిట్ విండోస్ వాటిని నడపదు, ఏ రన్‌టైమ్ ఎక్కించినా నడపదు. విండోస్‌కి ముందు కాలపు డాస్ ప్రోగ్రామ్ అయితే డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ ఇంకా తేలిక.

ఎక్కించాక

ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో విజువల్ సీ++ పేరుతో ఆరో, పన్నెండో కనబడతాయి. ఇన్నెందుకని తీసేయకండి, ఒక్కోదాన్నీ వేరే వేరే ప్రోగ్రామ్‌లు వాడుతుంటాయి. మీరు ఎక్కించిందే తీయాలంటే ఏది మీదో తెలియాలి, అందుకని ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టండి. విజువల్ సీ++ 2010కి 2020 జూలైలో, 2013కి 2024 ఏప్రిల్‌లో సపోర్ట్ ముగిసింది, ఇక ప్యాచ్‌లు రావు. అలాంటివాటి మీద నడిచే ప్రోగ్రామ్‌తో మీ సొంత ఫైళ్ళు తెరుచుకోండి, మెయిల్‌లో ఎవరో పంపినవి తెరవకండి. పని పూర్తిగా అయిపోయిన రోజున ప్రోగ్రామ్‌ని తీసేసి, దాని కోసమే ఎక్కించిన రన్‌టైమ్‌ని కూడా తీసేయండి, డాట్‌నెట్ 3.5 అయితే పెట్టిన టిక్ తీస్తే చాలు.

బాబాయి ల్యాప్‌టాప్‌లో ఆ టెక్స్ట్ ఫైల్ మూడు లైన్లే: ఎక్కించిన తేదీ, ప్యాకేజీ పేరు, డేటా ఫైల్ ఉన్న ఫోల్డర్. నాలుగో లైన్ ఆయనే చేర్చుకున్నారు, బ్యాకప్ పెన్‌డ్రైవ్ బీరువాలో ఏ అరలో ఉందో.